ట్రాలీ నుంచి మంచం దాకా

"స్కేలమ్మ వచ్చేసింది, నడుములు సరిచేసుకోండే!" అని ఎవరో గుసగుసగా అన్న మాట ఆమె చెవిన పడనే పడింది. డెబ్భై నాలుగేళ్లు నిండినా ఆ చెవులకు ఇంకా తుప్పు పట్టలేదు. ఆ ఆసుపత్రిలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి, అందులో చివరి పదిహేనేళ్లు మేట్రన్‌గా ఉండి, పద్నాలుగేళ్ల కిందట ఉద్యోగం విరమించిన మనిషి ఆమె. వార్డులో మంచానికీ మంచానికీ మధ్య ఎడం చెక్క స్కేలుతో కొలిచేది కాబట్టి నర్సులు ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్లందరూ ఎప్పుడో విరమించారు. పేరు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

రెండో అంతస్తు చివర ఉన్న శిక్షణ గదిలో ఒక ఇనుప మంచం, ఒక ట్రాలీ, ట్రాలీ మీద మనిషంత రబ్బరు బొమ్మ సిద్ధంగా ఉన్నాయి. బొమ్మ పొట్టలోంచి ఒక డ్రెయిన్ గొట్టం బయటికి వచ్చి ఒక సంచిలో ముగుస్తుంది. ఆపరేషన్ తరవాత లోపల చేరే నెత్తురూ నీరూ దిగడానికి పెట్టే గొట్టం అది. సంచి కింద పడకుండా దాన్ని ట్రాలీ పరుపు గుడ్డకి పిన్నుతో గుచ్చుతారు. రోగిని మంచం మీదికి మార్చే ముందు ఆ పిన్ను విప్పాలి. విప్పకపోతే మనిషి మంచం మీదికి వస్తాడు, గొట్టం ట్రాలీ మీదే ఉండిపోతుంది.

సరిగ్గా అదే జరిగింది, పందొమ్మిది రోజుల కిందట. తాళాలు బాగుచేసే ఒక ముసలాయన పొట్ట ఆపరేషన్ చేయించుకుని వార్డుకు వచ్చాడు. ట్రాలీ నుంచి మంచం మీదికి మార్చేటప్పుడు గొట్టం ఊడింది, లోపల నెత్తురు కమ్మింది, ఆ సాయంత్రమే పొట్ట రెండోసారి కోయాల్సి వచ్చింది. ఆయన ఇంకా వార్డులోనే ఉన్నాడు. దాని మీదటే వార్డు నర్సులు పన్నెండుమందికీ ఈ పరీక్ష పెట్టారు. పరీక్షించడానికి ఆమెను ఇంటినుంచి పిలిపించారు.

పొద్దున్న సూపరింటెండెంటు ఆమెకు కుర్చీ తనే జరిపి వేశాడు. ఒకప్పుడు ఆమె ముందు సిరంజి పట్టుకోవడానికి చేతులు వణికిన కుర్రడాక్టరే ఇతను.

"పదకొండుమంది సంగతి మీ ఇష్టం మేట్రన్‌గారూ. ఆ ఒక్కమ్మాయిని మాత్రం కాస్త జాగ్రత్తగా చూడండి."

"జాగ్రత్తగా అంటే?"

"మీకు నేను చెప్పాలా అమ్మా! రోగి తరఫువాళ్లు అడుగుతున్నారు. ఎవరో ఒకరు బాధ్యులని తేలాలి కదా. మీ చేతి కాగితం అంటే నర్సింగ్ కౌన్సిల్‌లో ఎవరూ మారుమాట్లాడరు."

ఆమెకు అర్థమైంది. కాగితం చివర రెండే గళ్లు ఉన్నాయి: అర్హురాలు, అనర్హురాలు. రెండో గడిలో టిక్కు పడిందా, ఆ పిల్ల రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఇక జన్మలో ఏ ఆసుపత్రిలోనూ రోగి ఒంటి మీద చెయ్యి వేయలేదు. మొదటి గడిలో టిక్కు పడాలన్నా, రెండో గడిలో పడాలన్నా తన కళ్లు చూడాలి తప్ప ఈయన నోరు చెబితే కాదని మనసులో అనుకుని, ఆమె లేచి వచ్చింది.

పరీక్ష మొదలైంది. కాగితం మీద ఇరవై నాలుగు అంశాలు. చక్రాలకు బ్రేకు వేసిందా, మంచం ఎత్తూ ట్రాలీ ఎత్తూ సమానం చేసిందా, చేతిపట్టీ మీద పేరు చూసిందా, గొట్టాలన్నీ విడిపించిందా, చేయబోయేది రోగికి చెప్పిందా. రోగి కింద పరిచిన దుప్పటి పట్టి లాగడానికి ఆపరేషన్ థియేటర్ అటెండర్లిద్దరు వచ్చి నిలబడ్డారు. తలవైపు మీసాలాయన, కాళ్లవైపు బట్టతలాయన. నర్సు పక్కన నిలబడి "ఒకటి, రెండు, మూడు, ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" దగ్గర అందరూ ఒక్కసారే లాగుతారు, బొమ్మ మంచం మీదికి జారుతుంది. ఒకరి తరవాత ఒకరు, మధ్యాహ్నం దాకా అదే లెక్క, అదే ఊఁ.

ఆఖరున ఆ అమ్మాయి వచ్చింది. పొట్టి మనిషి. తోటివాళ్లు ఎదురుగానే "పొట్టీ" అని పిలుస్తారు. ట్రాలీ అందక ఒక చెక్కపీట కాలితో తోసుకుంటూ వచ్చి దానిమీద నిలబడింది. గోళ్లు చివరంటా కొరికేసి ఉన్నాయి. మొహంలో బెదురు లేదు, మర్యాదా లేదు. మేట్రన్‌కు చూడగానే నచ్చలేదు.

నచ్చకపోయినా కళ్లు అబద్ధం చెప్పలేవు. ఆ పిల్ల ఇరవై నాలుగు అంశాల్లో ఇరవై నాలుగూ చేసింది. మిగిలిన పదకొండుమందిలో ఒక్కరికీ ఇరవై రెండు దాటలేదు.

"బొమ్మ దగ్గర ఇంత బాగా చేసినదానివి, మనిషి దగ్గర ఏమైంది?"

"రాసిచ్చానుగా మేడం."

"చదివాను. నీ నోటితో చెప్పు."

"పిన్ను విప్పడానికి వంగాను. లేచేసరికి పెద్దాయన మంచం మీద ఉన్నాడు. నేను చెప్పలేదు. వీళ్లే లాగేశారు."

మీసాలాయనకు రోషం వచ్చింది. "అదేం మాటమ్మా! చెప్పకుండా మేమెందుకు లాగుతాం? ఇరవై రెండేళ్లుగా లాగుతున్నాం. ఏనాడైనా మాటకి ముందు చెయ్యి కదిపామా?"

"నేనూ విన్నానండీ," అన్నాడు బట్టతలాయన. "పిల్లల మీద ఒట్టు."

"మీ పిల్లల్ని మధ్యలోకి లాగకండి. వాళ్లనైనా చెప్పాక లాగండి," అంది పొట్టి. వెనక ఎవరో కిసుక్కున నవ్వి, మేట్రన్ మెడ తిప్పగానే దగ్గుగా మార్చుకున్నారు.

ఇరుపక్షాల్లో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఎవరన్నది ముఖాలు చూస్తే తేలడం లేదు. ఇద్దరు మగవాళ్ల ముఖాల్లోనూ నిజం చెప్పేవాళ్ల అలక కనబడుతోంది. పిల్ల ముఖంలోనూ అదే. ఆమె కలం మూసి జేబురుమాలు పక్కన పెట్టి, చెప్పులు విడిచింది.

"బొమ్మని దించండి. నేను పడుకుంటాను."

గదిలో కలకలం రేగింది. "వద్దు మేడం", "నడుం పట్టేస్తుంది మేడం" అని నలుగురు అడ్డం వచ్చారు. పొట్టి మాత్రం అడ్డం రాలేదు. పీట ఆమె కాళ్ల దగ్గరికి జరిపి, "ఎక్కండి" అంది. గొట్టం చివర ప్లాస్టరుతో చీర మీద, పొట్ట దగ్గర అతికించారు. సంచిని ట్రాలీ పరుపు గుడ్డకి గుచ్చారు.

ముప్ఫై ఆరేళ్లలో కొన్ని వేలమందిని ట్రాలీ ఎక్కించిన మనిషి తాను ట్రాలీ ఎక్కడం అదే మొదలు. నిలబడి చూసిన గది వేరు, పడుకుని చూసిన గది వేరు. పైకప్పు మీద పెచ్చులూడిన చోటు ఒకటి, ఫ్యాను రెక్కల మీద మసి, తలవైపునుంచి తలకిందులుగా మీసాలు. నిలబడ్డవాళ్లందరి ముక్కుపుటాలు పెద్దవిగా కనబడుతున్నాయి. తన ఒళ్లు తనది కాదన్నట్టు అయిపోయింది.

పొట్టి ముఖం పైనుంచి వంగింది. ఆ ముఖం ఇప్పుడు వేరేగా ఉంది. గొంతులో మొరటుదనం లేదు. "మేడం, చేతులు గుండెల మీద పెట్టుకోండి. మిమ్మల్ని మంచం మీదికి మారుస్తాం. మీరు ఏమీ చేయక్కర్లేదు, మేం చూసుకుంటాం." తరవాత ముఖం మాయమైంది. పిన్ను విప్పడానికి వంగింది కాబోలు. ట్రాలీ అంచు కింద ఆ పిల్ల తల కూడా కనబడలేదు. కిందినుంచి గొంతొక్కటే వినబడింది. "నడుం కింద దుప్పటి ముడతపడింది మేడం. నొప్పిగా ఉందా?"

నొప్పిగానే ఉంది.

"ఊఁ" అంది మేట్రన్.

అంతే. ఒళ్లంతా గాల్లో తేలినట్టయింది. పొట్ట మీద ప్లాస్టరు పర్రున చిరిగిన చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి ఆమె మంచం మీద ఉంది. గొట్టం ట్రాలీ మీద వేలాడుతోంది.

పొట్టి సగం విప్పిన పిన్నుతో లేచింది. "నేను చెప్పలేదు!" అని ఈసారి అరిచింది. మీసాలాయన "చెప్పావు కదమ్మా ఇప్పుడే..." అని, వాక్యం మధ్యలో ఆగిపోయాడు. చెయ్యి దుప్పటి మీదే ఉంది, నోరు తెరిచే ఉంది. బట్టతలాయన మెల్లగా గోడకు జారి కూర్చున్నాడు.

"పెద్దాయన ఆ రోజు మూలిగాడు," అన్నాడు. "ఈ అమ్మాయి ఏదో అడిగింది. ఆయన ఊఁ అన్నాడు. నాకు ఎవరి గొంతని తోచలేదండీ. ఒకటి, రెండు లెక్కపెట్టకపోయినా ఊఁ వినబడితే చాలు, చేతులు వాటంతట అవే లాగేస్తాయి."

పదకొండుమందిలో ఒకామె ముందుకు వచ్చింది. "నాకూ ఒకసారి అయింది మేడం. ఆ రోగికి గొట్టం లేదు, అందుకని ఎవరికీ చెప్పలేదు."

"నాకు రెండుసార్లు," అంది ఇంకొకామె, నేల చూస్తూ.

మేట్రన్ మంచం మీదినుంచి లేవలేదు. లేవలేక కాదు. ఆ "ఊఁ" ఆసుపత్రిలోకి ఎలా వచ్చిందో ఆ గదిలో తెలిసినది ఆమె ఒక్కతే.

ముప్ఫై ఏళ్ల కిందట ఆమె థియేటర్ ఇన్‌చార్జి. అప్పటి పెద్ద సర్జన్‌కు అరుపులు గిట్టేవి కావు. "ఇది ఆపరేషన్ గదా, మూటలు దించే చోటా?" అని ఒకరోజు కత్తెర విసిరికొట్టాడు. ఆ మర్నాడు ఆమె అందరినీ వరుసగా నిలబెట్టి చెప్పింది: లాగండి, ఎత్తండి, పట్టండి అని కేకలు పెట్టకూడదు, మెల్లగా ఊఁ అంటే చాలు, ఊఁ వినబడగానే లాగాలి. నెల తిరిగేసరికి థియేటర్ గుడ్డలో చుట్టినట్టు నిశ్శబ్దమైంది. సర్జన్ మెచ్చుకున్నాడు. ఆమె గర్వపడింది. అప్పట్లో రోగులు మత్తులో కట్టెల్లా ఉండేవారు, ఊఁ అనడానికి వాళ్లకు నోరే లేదు. ఇప్పటి మత్తుమందు వేరు. థియేటర్ గుమ్మం దాటేలోపే మనిషి మూలుగుతాడు, పలుకుతాడు. మందు మారింది కానీ ఆ మాట మారలేదు. మేట్రన్‌గా ఉన్న చివరి ఏళ్లలో ఆ కొత్త మందు వచ్చింది. రోగులు మూలగడం ఆమె తన చెవులతో విన్నది. అయినా తోచలేదు.

అందరూ వెళ్లాక పొట్టి ఒక్కతే మిగిలింది. పీట ఎత్తి మూల పెట్టింది.

"ఒకటి అడుగుతా మేడం. మీరు పడుకోకపోయుంటే నా మాట నమ్మేవారా?"

"లేదు."

"ఎందుకని?"

"నువ్వు నాకు నచ్చలేదు. ఇప్పుడూ గోళ్లు కొరుకుతున్నావు. నర్సు గోళ్లు అలా ఉండకూడదు."

పొట్టి చెయ్యి నోటిలోంచి తీసింది. "నిజమే చెప్పారు," అంది. థాంక్స్ చెప్పలేదు.

*

సాయంత్రం ఇంట్లో అక్కకు చెప్పింది. అక్కకు ఎనభై ఒకటి. భర్త పోయినప్పటినుంచి చెల్లెలి దగ్గరే ఉంటోంది. టైపు నేర్పే బడిలో పంతులమ్మగా పనిచేసిన మనిషి. వేళ్లు ఊరికే ఉండవు. రవిక గుండీ కుడుతూ వింటోంది.

"ఊఁ," అంది అక్క. "ఊఁ. ఊఁ, తరవాత?"

"అక్కా, ఆ ఊఁ మానెయ్యి."

"ఊఁ కొట్టకపోతే వింటున్నానని నీకెలా తెలుస్తుందే?"

మిగతాది కూడా, దాన్ని కాగితం మీద రాసివ్వబోతున్నాననీ చెప్పింది. అక్క గుండీ వదిలేసింది.

"ముప్ఫై ఏళ్ల కిందటి మాట. ఎవరికి గుర్తుంది?"

"నాకుంది."

"నీకు గుర్తున్నవన్నీ రాయాలంటే కాగితాల మిల్లు కొనాలి." ఆ వేళాకోళం అక్క ముఖంలో నిలవలేదు. "ఆ ముసలాయన మనుషులు నిన్ను కోర్టుకీడిస్తేనో? ఈ వయసులో ఆ మెట్లు ఎక్కుతావా?"

"ఆ పిల్లకి ఇరవై మూడు. దాన్ని ఎక్కించమంటావా?"

"నువ్వు ఎక్కితే తోడుకి నన్నూ ఎక్కిస్తావు. నాకు మోకాళ్లు లేవు," అంది అక్క. సూది కళ్లకు ఆనించుకుని చాలాసేపు దారం ఎక్కించలేకపోయింది.

*

మర్నాడు ఆమె ఇచ్చిన కాగితాలు సూపరింటెండెంటు నిలబడే చదివాడు. పన్నెండుమందీ అర్హులు. వెనకవైపు ఒక పేజీ నిండా ఊఁ కథ, దాన్ని నేర్పినదెవరో, ఏ సంవత్సరమో.

"ఇది పంపలేనమ్మా."

"అందులో ఏది నిజం కాదు?"

"నిజమే. నిజమైతే ఆ ఇద్దరు అటెండర్లు లాగారని తేలింది. వాళ్లని పంపించేస్తే సరిపోతుంది. పిల్లని వదిలేద్దాం, మీకు తృప్తి."

"వాళ్లు నేర్పినట్టే లాగారు."

"నేర్పింది మీరంటారు!" అతను కుర్చీలో కూలబడ్డాడు. "మీరు విరమించి పద్నాలుగేళ్లయింది. మీ మీద నేనేం చర్య తీసుకోను? ఉద్యోగం తీసెయ్యనా? ఏ శిక్షా పడని చోట ఒప్పుకోవడం చాలా తేలికమ్మా. పోయేది ఈ ఆసుపత్రి పరువు." కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేశాడు. "కౌన్సిల్‌కి నా నివేదిక వెళుతుంది. మీకు శ్రమ ఇచ్చాను, క్షమించండి."

ఆమె కోపంతో లేచింది కానీ వరండాలోకి వచ్చేసరికి ఆ కోపం తన మీదికే తిరిగింది. అతను అన్నదాంట్లో ఒక్క ముక్క ముల్లులా దిగింది. నిజమే, తేలికే. సొరుగులో దాక్కునే కాగితం మీద ఎవరైనా గొప్పగా ఒప్పుకోవచ్చు. ఆ మాట వినాల్సిన మనిషి ఇంతవరకు వినలేదు. ఆమె మెట్లు దిగి సర్జరీ వార్డుకు నడిచింది.

తాళాలాయన కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. బుగ్గలు పీక్కుపోయాయి. దుప్పటి మీద చేతులు మాత్రం ఇంకా పనివాడి చేతులే. పక్కన కూతురు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం ఆమెది. ఇరవై రోజులుగా సెలవులో ఉంది. మేట్రన్ తానెవరో చెప్పింది. నిలబడే, ఒక్క మాట మింగకుండా జరిగినదంతా చెప్పింది.

ముసలాయన తల ఆమెవైపు తిప్పాడు. "అంటే ఊఁ అన్నది నేనా?"

"మీరు నొప్పికి మూలిగారు. మూలుగుకీ ఆజ్ఞకీ ఒకే మాట పెట్టినది నేను."

"ఓసి! ఇంట్లో నేను ఊఁ అంటే గ్లాసుడు మంచినీళ్లు రావు. ఇక్కడ ఊఁ అంటే మనిషినే ఈడ్చేశారే!" అని నవ్వబోయి, కుట్లు లాగి, పొట్ట పట్టుకుని వంకర్లు తిరిగాడు. "ఇన్నాళ్లూ ఆ పొట్టమ్మాయిని తిట్టుకున్నా. తల్లిని కూడా కలిపి తిట్టా."

"నవ్వకు నాన్నా." కూతురు నవ్వలేదు. "మిమ్మల్ని ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. చెప్పొద్దన్నారు."

"అయితే రాసివ్వండి."

మేట్రన్ సంచిలోంచి కాగితం తీసింది. కూతురు ఆమె ముఖంలోకి చూసింది. "ముందే చెబుతున్నా. దీన్ని పట్టుకుని నేను ఎక్కడికైనా వెళతాను. మీరు పెద్దవాళ్లని ఊరుకోను."

"వెళ్లడానికే రాస్తున్నాను."

మందుల బల్ల మీద కాగితం పెట్టి, వంగి రాసింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు. అక్షరాలు గుండ్రంగా, గీత గీసినట్టు నిలిచాయి. ఆ నర్సు పని ఇరవై నాలుగు అంశాల్లోనూ సక్రమంగా ఉన్నదని రాసింది. అటెండర్లు నేర్పిన పద్ధతినే పాటించారని రాసింది. తాను నేర్పిన పద్ధతి వల్ల, దాన్ని ఎప్పుడూ తిరిగి పరిశీలించకపోవడం వల్ల ఈ పొరపాటు జరిగిందని రాసి, సంతకం చేసి ఇచ్చింది.

కూతురు ప్రతి ముక్కా వేలు పెట్టి చదివింది. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది.

"పొరపాటు అని రాశారు."

"అవును."

"మందు సీసా మారిపోతే పొరపాటు అంటారు. ఒక రోజు జరిగేది పొరపాటు. ఇది ముప్ఫై ఏళ్లు జరిగింది. ఇంకా ఎంతమందిని ఈడ్చారో, వాళ్లెవరికీ ఎవరూ చెప్పలేదు." ఆమె గొంతు పెరగలేదు. "తప్పు అని రాయండి."

ముసలాయన, "పోనీలేవే, పెద్దావిడ..." అనబోయాడు.

"నువ్వు మాట్లాడకు నాన్నా."

మేట్రన్ కలం తీసి మూత విప్పింది. జీవితంలో ఎన్నో నివేదికలు వెనక్కి పంపి దిద్దించిన చెయ్యి అది. మాట మీద ఒక్క గీత గీసింది, దాని పైన "తప్పు" అని రాసింది, పక్కన చిన్న సంతకం పెట్టింది. ఒక అక్షరం వంకరైంది. తిరగరాయలేదు.

"రెండో ప్రతి కూడా కావాలి. కౌన్సిల్ ఆఫీసుకి రేపు నేనే తీసుకెళతాను. ఆ నర్సమ్మాయి మీద ప్రేమతో కాదు. దాన్ని బయటికి గెంటేసి, మిగతాదంతా కప్పెట్టేస్తారని."

రెండో ప్రతి రాసింది. ఈసారి ఆ చోట మొదటే సరైన మాట పడింది. కూతురు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంది.

"చిరునామా లేదు," అంది.

మేట్రన్ రెండింటి కిందా వీధి పేరు రాసింది.

"ఇంటి నంబరు కూడా. లేకపోతే నోటీసు చేరదు."

ఆమె నంబరు వేసింది.